కార్డు ధరతో పాటు ప్రతుల లెక్కా ప్రచురించండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

క్రీడాకారుల బొమ్మలున్న కార్డులు వేలంలో పలికే ధరల గురించి పత్రికల్లో వచ్చే వార్తలను నేను చాలా కాలంగా చదువుతున్నాను. ఆ కార్డులను ఇష్టంగా సేకరించేవాణ్ణి కూడా. అమెరికా బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. మూడేళ్ల తర్వాత, 2025 ఆగస్టులో, మైకేల్ జోర్డాన్, కోబీ బ్రయంట్ ఇద్దరూ సంతకాలు చేసిన బాస్కెట్‌బాల్ కార్డు 1.29 కోట్ల డాలర్లు దాటి ఆ రికార్డును చెరిపేసింది. రెండుసార్లూ ఆ వార్త దేశదేశాల పత్రికల్లో ప్రముఖంగా వచ్చింది.

ఆ అంకెల్లో తప్పేమీ లేదు. వార్త ఆ అంకెతోనే ఆగిపోవడం గురించే నా బాధ. ఆ కార్డు ప్రతులు లోకంలో ఎన్ని ఉన్నాయి, వాటిలో చెక్కుచెదరకుండా మిగిలినవి ఎన్ని, అదే కార్డు అంతకుముందు ఎంతకు చేతులు మారింది, అదే ఆటగాడి మామూలు కార్డుల ధరలు ఆ ఏడాదిలో ఎటు పోయాయి అనే వివరాలు లేకుండా ధర ఒక్కటే అచ్చయితే, చదివినవారి మనసులో నిలిచేది ఆశ ఒక్కటే. గత నలభై ఏళ్లలో ఈ మార్కెట్ రెండుసార్లు ఆకాశానికి ఎగసి, రెండుసార్లూ కుప్పకూలింది. కారణాలు చాలా చెబుతారు గాని, నా దృష్టిలో మూలం ఒకటే. కొనేవారికి ధర కనిపించింది, సరుకు ఎంత ఉందో కనిపించలేదు. ఇప్పుడు మూడోసారి ధరలు ఎగబాకుతున్నాయి కాబట్టి ఈ సంగతి కొంత వివరంగా రాయడం అవసరమనిపించింది.

పాత కార్డులకు అంత విలువ ఎందుకు వచ్చిందో ముందుగా చూడాలి. 1909-11 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో పెట్టిన కార్డులను గానీ, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బబుల్‌గమ్‌తో కలిపి అమ్మిన కార్డులను గానీ భద్రంగా దాచుకునే వస్తువులుగా ఎవరూ చూడలేదు. పిల్లలు వాటితో పందేలు వేసుకున్నారు, రబ్బరు బ్యాండు చుట్టి జేబుల్లో తిప్పారు, సైకిలు చక్రాల పుల్లలకు తగిలించి టపటపమని చప్పుడు చేయించారు. వాళ్లు పెద్దవాళ్లయ్యాక, మిగిలిన కార్డులు ఇల్లు సర్దేటప్పుడు చెత్తబుట్టలోకి వెళ్లాయి. మాంటిల్ కార్డు 1952లో టాప్స్ కంపెనీ తెచ్చిన సెట్టులో 311వది. ఆ సెట్టులో చివరి విడత కార్డులు సీజన్ ముగింపు దగ్గరపడ్డాక మార్కెట్లోకి రావడంతో దుకాణాలవారు పెద్దగా తీసుకోలేదు. అమ్ముడుపోని పెట్టెలు ఏళ్ల తరబడి గోదాములో పడి ఉన్నాయి. వాటిని వదిలించుకోలేక, ఆ సెట్టు రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించిన సై బెర్గర్ 1960లో దగ్గరుండి పడవకెక్కించి, అట్లాంటిక్ సముద్రంలో పారబోయించారు. అలా పోగా మిగిలినవాటిలో మూలలు మాయకుండా, రంగు వెలవకుండా ఉన్నవి వేళ్ల మీద లెక్కించదగినన్నే. 1.26 కోట్లు పలికిన ప్రతి 1991లో 50,000 డాలర్లకు చేతులు మారినదే. అంటే ఆ కార్డుకు అరుదుతనం ఎవరి ప్రణాళికా లేకుండా, ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల వచ్చింది.

1980లలో మొదటి ఉప్పెన వచ్చినప్పుడు ఈ చిన్న సత్యమే మరుగున పడింది. యాభైలలో కార్డులతో ఆడుకున్న పిల్లలు అప్పటికి సంపాదనపరులై, చిన్ననాటి కార్డులను మళ్లీ కొనుక్కోవడం మొదలుపెట్టారు. అదే కాలంలో తయారీదారుల సంఖ్యా పెరిగింది. ఫ్లియర్ కంపెనీ వేసిన దావాలో 1980లో ఫెడరల్ న్యాయస్థానం టాప్స్ గుత్తాధిపత్యాన్ని తప్పుపట్టడంతో, 1981 నుంచి ఫ్లియర్, డాన్‌రస్ కూడా బేస్‌బాల్ కార్డులు అచ్చువేశాయి. ఆ ఏడాదే పై కోర్టు ఆ తీర్పును కొట్టివేసినా, టాప్స్‌కు ఉన్న ప్రత్యేక హక్కు మిఠాయితో కలిపి అమ్మే కార్డులకే పరిమితం కాబట్టి, ఆ రెండు కంపెనీలూ గమ్ మానేసి, దాని బదులు స్టిక్కర్లూ పజిల్ ముక్కలూ పెట్టి నిలదొక్కుకున్నాయి. 1988లో స్కోర్, 1989లో అప్పర్ డెక్ వచ్చి చేరాయి. గణాంక శాస్త్రవేత్త జేమ్స్ బెకెట్ 1984లో మొదలుపెట్టిన నెలవారీ పత్రిక ప్రతి కార్డుకూ ఒక ధర, ఆ ధర పక్కన పైకో కిందికో ఒక బాణం గుర్తు ముద్రించేది. ధర అంటూ అచ్చులో కనిపించేసరికి ప్రతి ఇంటి అటకా ఒక ఖజానాలా తోచింది. 1987 అక్టోబరులో స్టాక్ మార్కెట్ కూలిన తర్వాత, షేర్ల కన్నా కార్డులే నమ్మకమైన పెట్టుబడి అన్న మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. పిల్లల చదువు ఖర్చులకు పనికొస్తాయని పెద్దలు సీలు విప్పని బాక్సులను పెట్టెలకు పెట్టెలు కొని దాచారు.

దాచినవారిలో ఎవరికీ తెలియని విషయం, తమలాగే ఎంతమంది దాచారన్నది. ఏ కార్డును ఎన్ని ప్రతులు అచ్చువేశామో కంపెనీలు బయటపెట్టలేదు. గిరాకీ ఉన్నంతవరకూ యంత్రాలు నడుస్తూనే ఉన్నాయి. ఒక్క ఉదాహరణ దగ్గరగా చూస్తే చాలు. అప్పర్ డెక్ తన తొలి సెట్టులో మొదటి నంబరును అప్పటికి ప్రధాన లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని పంతొమ్మిదేళ్ల కెన్ గ్రిఫీ జూనియర్‌కు ఇచ్చింది. అతని జట్టు మారినర్స్ టోపీతో ఉన్న ఫొటో లేకపోవడంతో, కింది స్థాయి లీగ్‌లో అతను పెట్టుకున్న టోపీకే రంగు మార్చి ఆ జట్టు టోపీగా చూపించారు. మందమైన తెల్ల కాగితం, నకిలీలను అడ్డుకోవడానికి వెనుక చిన్న హోలోగ్రామ్, లోపలి కార్డులను ఎవరూ తెరిచి చూడకుండా రేకు తొడుగు, మిగతా కంపెనీల ప్యాక్ కన్నా రెట్టింపు ధర. పైగా గ్రిఫీ నిజంగానే గొప్ప ఆటగాడయ్యాడు, 2016లో బేస్‌బాల్ దిగ్గజాలకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు సంపాదించాడు. ఒక రూకీ కార్డు (ఆటగాడి తొలి ఏడాది కార్డు) నుంచి కలెక్టరు ఇంతకన్నా కోరుకునేది ఏముంటుంది? అయినా ఆ కార్డును, కార్డుల స్థితి చూసి అంకె ఇచ్చే గ్రేడింగ్ కంపెనీ పీఎస్ఏ ఒక్కటే లక్ష దరిదాపుల్లో పరీక్షించింది. వాటిలో అత్యున్నత శ్రేణి అయిన 10 పొందినవే వేల సంఖ్యలో ఉన్నాయి. పరీక్షకు పంపకుండా ఇళ్లలో ఉన్నవాటికి లెక్కే లేదు. ఆ కార్డుకు ఇవాళ కూడా మంచి ధరే పలుకుతుంది, అందుకు కారణం అభిమానం. అదే సంవత్సరాల్లో అచ్చయిన మిగతా లక్షలాది కార్డులకు ఆ అభిమానం కూడా తోడు లేదు.

1994 ఆగస్టు 12న బేస్‌బాల్ ఆటగాళ్లు సమ్మెకు దిగారు. ఆ ఏడాది విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ పోటీ రద్దయింది. 1904 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. కార్డుల మార్కెట్ ఆ సమ్మె వల్లే కూలిందని చాలామంది రాస్తుంటారు గాని, అప్పటికే గోదాములు నిండి ఉన్నాయన్నది నా అభిప్రాయం. సమ్మె అభిమానుల్లో కోపం రేపి, అందరూ ఒకేసారి అమ్మకానికి దిగేలా చేసింది. అమ్మడానికి అందరూ వచ్చినప్పుడే సరుకెంతో తెలిసింది. కొత్త ఆటగాళ్ల మీద పెట్టిన ఆశలదీ అదే గతి. 1991లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో యాంకీస్ జట్టు అందరికన్నా ముందుగా ఎంచుకుని 15.5 లక్షల డాలర్ల బోనస్ ఇచ్చిన బ్రయన్ టేలర్ రూకీ కార్డులకు విపరీతమైన గిరాకీ ఉండేది. 1993 చివర్లో జరిగిన ఒక గొడవలో భుజం దెబ్బతిని, అతను ప్రధాన లీగ్‌లో ఒక్క బంతి కూడా వేయకుండానే ఆట ముగించాడు.

కంపెనీలు కూడా దెబ్బతిన్నాయి. 1992లో ఫ్లియర్‌ను, 1995లో మరో కార్డుల కంపెనీ స్కైబాక్స్‌ను కొన్న మార్వెల్ సంస్థ 1996 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. కార్డుల వ్యాపారం నష్టాల్లో కూరుకుపోవడం అందుకు ఒక కారణం. స్కోర్ కార్డుల యాజమాన్య సంస్థ పినకిల్ 1998లో దివాలా తీసింది. ఫ్లియర్ 2005లో మూతపడింది. కలెక్టర్లు జంక్ వ్యాక్స్ (మైనపు కాగితపు ప్యాకుల చెత్త) అని పిలిచే ఆ కాలపు బాక్సులు ముప్పై ఏళ్లు దాటినా సీలు విప్పకుండా, చాలా తక్కువ ధరకు, కావలసినన్ని దొరుకుతున్నాయి.

ఈ దెబ్బ నుంచి పరిశ్రమ పాఠం నేర్చుకోలేదని అనను, నేర్చుకుంది. అరుదుతనం దానంతట అది రాదని గ్రహించి, దాన్ని తయారు చేయడం మొదలుపెట్టింది. 1993లో టాప్స్ ఫైనెస్ట్ సెట్టుతో వచ్చిన రిఫ్రాక్టర్లు అనే మెరిసే కార్డులు, సీరియల్ నంబరు వేసిన కార్డులు, 1997 నుంచి ప్రపంచంలో ఒకే ఒక్కటి అని చెప్పుకునే కార్డులు, ఆటగాడు తొడిగిన జెర్సీ ముక్కను పొదిగిన కార్డులు విస్తరించాయి. ఒక కార్డు వెనుక 25లో 7వది అని ముద్రించి ఉంటే ఆ లెక్క నిజమే, అందులో మోసం లేదు. అయితే అదే ఆటగాడికి అదే సంవత్సరంలో ఎరుపు అంచుది ఒకటి, నీలం అంచుది ఒకటి, బంగారు రంగుది ఒకటి, అలల గీతలది ఒకటి, మళ్లీ ఇవన్నీ నాలుగైదు వేర్వేరు సెట్లలోనూ వస్తాయి. ఒక్కొక్కటి విడిగా అరుదైనదే. అన్నీ కలిపితే ఆ ఆటగాడి కార్డులు గుట్టలుగా ఉంటాయి. ఆ మొత్తాన్ని ఒకచోట కూడి చెప్పే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

గ్రేడింగ్ సంగతీ ఇక్కడే చెప్పాలి. ఇది ఉపయోగకరమైన ఏర్పాటే. కంటితో చూడని కార్డును దూరం నుంచి కొనేవారికి, అది అసలుదే అని, దాని స్థితి ఫలానా అని ఎవరో ఒకరు పూచీపడాలి. 1991లో మొదలైన పీఎస్ఏ ఆ పని చేసింది. బొమ్మ అంచుల మధ్య సరిగ్గా ఉందా, మూలలు నలిగాయా, ఉపరితలం మీద గీతలున్నాయా అని చూసి 1 నుంచి 10 వరకు ఒక అంకె ఇచ్చి, ప్లాస్టిక్ పలకలో సీలు వేస్తుంది. కలెక్టర్లు దాన్ని స్లాబ్ అంటారు. పీఎస్ఏ సీలు వేసిన మొట్టమొదటి కార్డు పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్‌ది. ఆ కార్డును హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీ, బ్రూస్ మెక్‌నాల్ కలిసి 1991లో 4.51 లక్షల డాలర్లకు కొన్నారు, 2007లో అది 28 లక్షల డాలర్లు పలికింది. ఆ కార్డు అంచులను తానే కత్తిరించానని వేలంపాటల ప్రముఖుడు బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నారు. తన సంస్థ వేలాల్లో దొంగ పాటలతో ధరలు పెంచినందుకు ఆయనకు 2015లో 20 నెలల జైలు శిక్ష పడింది. వేలంలో వచ్చిన ప్రతి రికార్డు ధరనూ వెంటనే నమ్మి అచ్చువేయకూడదని అనడానికి ఈ ఒక్క కేసు చాలు.

గ్రేడింగ్ తెచ్చిన మరో మార్పు మరింత లోతైనది. 9కి, 10కి మధ్య తేడా భూతద్దం పెట్టి చూసినా ఒక్కోసారి తేలదు. మార్కెట్లో మాత్రం 10 ధర 9 ధరకు కొన్ని రెట్లు ఉంటుంది. దాంతో కార్డును కొనడం, పరీక్షకు పంపడం, 10 వస్తే అమ్మడం ఒక వృత్తిగా మారింది. ఇది రెండో ఉప్పెనకు ప్రాణం పోసింది, రెండో పతనానికీ దారి వేసింది.

2020 మార్చి 11న కరోనా వల్ల అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆటలు ఆగిపోయాయి. జనం ఇళ్లకే పరిమితమయ్యారు. ప్రభుత్వం ఒక్కొక్కరికి 1,200 డాలర్ల వరకు సహాయం పంపింది. ఏప్రిల్, మే నెలల్లో టీవీలో వచ్చిన మైకేల్ జోర్డాన్ డాక్యుమెంటరీ ఒక తరాన్ని మళ్లీ అటకలెక్కించింది. ఆగస్టులో బేస్‌బాల్ ఆటగాడు మైక్ ట్రౌట్ కార్డు ఒకటి 39.3 లక్షల డాలర్లకు, మరుసటి జనవరిలో 1952 మాంటిల్ ప్రతి ఒకటి 52 లక్షల డాలర్లకు అమ్ముడయ్యాయి. అయితే ఆ కాలాన్ని అర్థం చేసుకోవడానికి నేను ఎంచుకునేది 1986 ఫ్లియర్ సెట్టులోని 57వ కార్డు, జోర్డాన్ రూకీ కార్డు. దాని ఎరుపు, నీలం అంచులు గోరు తగిలితే చాలు తెల్లబడతాయి. అందుకే 10 పొందిన ప్రతులు తక్కువ, సుమారు మూడు వందలు. ఒక్క అంకె మీద వచ్చిన పిచ్చి ఎంతటిదంటే, 2021 జనవరి చివర్లో ఒకే వేలంలో రెండు ప్రతులు చెరొక 7.38 లక్షల డాలర్లు పలికాయి. ఏడాదిన్నర తిరిగేసరికి అదే కార్డు, అదే గ్రేడు, 2 లక్షల డాలర్ల దరిదాపుల్లోకి వచ్చింది. ఆ మధ్యలో జోర్డాన్ సాధించిన ఆరు టైటిళ్లలో ఒక్కటీ తగ్గలేదు. కార్డు మీద ఒక్క గీతా పడలేదు.

ఆ ఏడాదిన్నరలో ఏం జరిగిందో పీఎస్ఏ గోదాములో కనిపిస్తుంది. 2021 మార్చి 30న ఆ కంపెనీ తక్కువ రుసుము సేవలను నిలిపివేసింది. పరీక్ష కోసం ఎదురుచూస్తున్న కార్డులు అప్పటికి కోటి దాటాయి. సాధారణ రుసుము కట్టి పంపినవారికి కార్డు తిరిగి చేరడానికి ఏడాది, కొందరికి అంతకన్నా ఎక్కువ పట్టింది. నిరుటి ధర చూసి ఊరంతా ఒకే పంట వేస్తే కోతల నాటికి ఏమవుతుందో రైతు కుటుంబాలకు వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ జరిగిందీ అదే. 2020 చివరి ధరలు చూసి పంపిన కార్డులు 2021 చివర, 2022లో గుంపులుగా బయటికి వచ్చాయి. ఎన్ని కార్డులకు ఏ గ్రేడు వచ్చిందో చెప్పే పట్టికను పీఎస్ఏ బహిరంగంగానే ఉంచుతుంది, కలెక్టర్లు దాన్ని పాప్ రిపోర్ట్ అంటారు. ఆ పారదర్శకతను మెచ్చుకోవలసిందే. కానీ ఆ పట్టికలో ఉండేది పరీక్ష పూర్తయిన కార్డుల లెక్క మాత్రమే. వరుసలో నిలిచి ఉన్నవి అందులో లేవు. ఫలానా కార్డుకు 10 గ్రేడు ప్రతులు రెండు వేలే ఉన్నాయని చూసి అధిక ధర పెట్టినవారు, మరో పది వేలు అప్పటికే దారిలో ఉంటే ఆ సంగతి తెలుసుకునే మార్గమే లేదు. మొదటి ఉప్పెనలో దాగిన సరుకు అటకల మీద ఉంది, రెండో ఉప్పెనలో గ్రేడింగ్ వరుసలో ఉంది. రెండుసార్లూ కొన్నవారు పెట్టిన ధర ఆ దాగిన సరుకును లెక్కలోకి తీసుకోనిదే.

ఎక్కువ నష్టం కొత్త ఆటగాళ్ల కార్డులు కొన్నవారికి వాటిల్లింది. బాస్కెట్‌బాల్ ఆటగాడు జయాన్ విలియమ్సన్ 2019-20 ప్రిజ్మ్ సెట్టులోని రూకీ కార్డు 10 గ్రేడులో వేలాది ప్రతులుగా మార్కెట్లో ఉంది. పాదానికి గాయమై అతను 2021-22 సీజన్ మొత్తం ఆడలేదు. మంచి రోజుల్లో ఆ కార్డుకు వందల డాలర్లు పెట్టినవారికి తర్వాత దక్కింది అందులో చిన్న భాగమే. ఇటువంటి కార్డులు కొన్నవారిలో సంపన్నులు తక్కువ. జీతం మీద బతికేవారు, కాలేజీ విద్యార్థులు, పిల్లల కోసం కొన్న తల్లిదండ్రులు ఎక్కువ. మాంటిల్ కార్డు రికార్డు వార్తా, వీళ్ల నష్టమూ ఒకే ఏడాదికి చెందినవి. మొదటిది అన్ని పత్రికల్లోనూ వచ్చింది, రెండోది ఎక్కడా రాలేదు. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉందని నేను అనుకోవడం లేదు. ఒక పెద్ద వేలం జరిగితే వార్త అవుతుంది, పది లక్షల చిన్న నష్టాలు పది లక్షల ఇళ్లలో నిశ్శబ్దంగా జరిగిపోతాయి. కానీ పాఠకుడికి ఈ రెండూ కార్డుల ధరలే. మాంటిల్ వార్త చదివి ప్యాక్ కొనడానికి వెళ్లిన వ్యక్తికి దుకాణంలో దొరికేది 1952 నాటి కార్డు కాదు, నిన్న అచ్చయినది.

ఆ వార్తల ప్రభావం ఎంతదాకా పోయిందో చెప్పడానికి ఒక్క సంఘటన గుర్తు చేస్తాను. 2021 మే నెలలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థకు చెందిన ఒక దుకాణం వాహనాల నిలుపు స్థలంలో కార్డుల కోసం ఒక వ్యక్తిపై దాడి జరిగింది. దాంతో ఆ సంస్థ కొంతకాలం తన దుకాణాల్లో క్రీడా కార్డుల అమ్మకాన్నే ఆపేసింది. పిల్లలు చిల్లర డబ్బులతో కొనుక్కోవలసిన వస్తువు అది.

ఇక ఇప్పటి పరిస్థితి. పీఎస్ఏ ఏటా కోటికి మించి కార్డులను పరీక్షిస్తోంది. వ్యాపారం మాత్రం కొద్ది చేతుల్లోకి చేరుతోంది. 2021 ఆగస్టులో క్రీడా వస్తువులు అమ్మే ఫనాటిక్స్ సంస్థ బేస్‌బాల్ లీగ్, ఆటగాళ్ల సంఘాల నుంచి కార్డులు ముద్రించే హక్కులను భవిష్యత్తు కోసం చేజిక్కించుకుని, 2022 జనవరిలో టాప్స్‌ను సుమారు 50 కోట్ల డాలర్లకు కొనేసింది. దీన్ని గుత్తాధిపత్యంగా ఆరోపిస్తూ పోటీ కార్డుల కంపెనీ పనీని 2023లో కోర్టుకు వెళ్లింది. పీఎస్ఏ మాతృసంస్థ 2021లో గోల్డిన్ వేలం సంస్థను కొని, దాదాపు మూడేళ్ల తర్వాత ఈబేకు అమ్మింది. 2024లో తన పోటీదారు గ్రేడింగ్ సంస్థ ఎస్‌జీసీని కొంది. వీటిలో ఏదీ చట్టవిరుద్ధమని నేను అనడం లేదు. కార్డుకు గ్రేడు ఇచ్చే సంస్థా, అదే కార్డును వేలం వేసే సంస్థా ఒకే యజమాని కింద కొన్నేళ్లపాటు ఉండడం సాధారణ పాఠకుడికి తెలియవలసిన విషయమని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను. ప్రత్యక్ష ప్రసారంలో బాక్సులు విప్పుతూ, ఒక్కో జట్టు కార్డులకు ముందే డబ్బు కట్టించుకునే బ్రేకులు కూడా ఈ కాలంలోనే విస్తరించాయి. కట్టిన డబ్బుకు ఏమీ రాకపోయే అవకాశమే ఎక్కువ ఉన్న ఈ పద్ధతి పిల్లలకు అందుబాటులో ఉండడం నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెడుతోంది.

కార్డులు కొనవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. అభిమాన ఆటగాడి కార్డును అరచేతిలో పట్టుకుని, వెనుక వైపు సంవత్సరాల వారీగా వేసిన గణాంకాలు చదువుకోవడంలో ఉన్న ఆనందం నాకు తెలుసు, ఆ ఆనందానికి పతనం లేదు. ఆ ఆనందం కోసం వచ్చినవారిని లాభం ఆశ చూపి దారి మళ్లించి, చేతులు కాలాక శాశ్వతంగా దూరం చేసుకోవడమే ఈ ఎత్తుపల్లాల వల్ల జరిగే అసలు నష్టం. 1994 తర్వాత ఆటను వదలని అభిమానులు కూడా కార్డులను వదిలేశారు. వాళ్లలో చాలామంది తిరిగి రావడానికి పాతికేళ్లు పట్టింది.

కాబట్టి మీకు నా విన్నపం ఇది. ఏ కార్డు రికార్డు ధర పలికిన వార్త వేసినా, దాని పక్కనే ఆ గ్రేడులో ఉన్న ప్రతుల సంఖ్య, గత రెండు మూడు అమ్మకాల్లో వచ్చిన ధర, వేలం సంస్థ కమిషన్ ఆ అంకెలో కలిసిందీ లేనిదీ, కొన్నవారు డబ్బు చెల్లించినట్టు నిర్ధారణ అయిందీ లేనిదీ తెలిసినంతవరకు ముద్రించండి. ఈ వివరాల్లో మొదటి రెండూ ఎవరైనా చూడగలిగే పట్టికల్లో ఉన్నాయి, విలేకరికి కొద్ది సమయం చాలు. ఆ లెక్క దొరకని చోట, దొరకలేదన్న మాటే రాసినా పాఠకుడికి మేలు జరుగుతుంది.

రెండో విన్నపం కంపెనీల ప్రతినిధులతో మాట్లాడే అవకాశం ఉన్న మీ క్రీడా, వాణిజ్య విభాగాల విలేకరులకు. తాజా మ్యాచ్‌లలోని ఘట్టాలతో టాప్స్ నౌ పేరిట ఆన్‌లైన్‌లో కొద్ది సమయం మాత్రమే అమ్మే కార్డుల విషయంలో, అమ్మకం ముగిశాక ఎన్ని ప్రతులు అచ్చువేసిందీ ఆ కంపెనీయే ప్రకటిస్తుంది. 2016 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది, దానివల్ల వ్యాపారం దెబ్బతిన్న దాఖలా కనిపించదు. దుకాణాల్లో అమ్మే మామూలు ప్యాకుల విషయంలో అదే లెక్కను తొడుగు మీద ఎందుకు ముద్రించరు? పరీక్ష కోసం వరుసలో ఉన్న కార్డులు ఏ సెట్టువి ఎన్ని ఉన్నాయో గ్రేడింగ్ సంస్థలు నెలకోసారైనా ఎందుకు ప్రకటించవు? ఈ రెండు ప్రశ్నలనూ మీ పత్రిక తరఫున అడిగి, వచ్చిన సమాధానాలను యథాతథంగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు